గని మీద పన్ను, కదురు మీద బరువు

2025 ఏప్రిల్ నడిమిలో తమిళనాడు అంతటా రాతి క్వారీలు, క్రషర్లు పని ఆపేశాయి. ఆంధ్రదేశంలో కంకర అంటారు, ఇక్కడ మనం అరవ మాట కలిపి జల్లి అంటాం. పేరేదైనా అది రాకపోతే ఇంటి కప్పు పడదు. మిల్లులో పి.ఎఫ్. అప్పు తీసుకుని ఇల్లు మొదలుపెట్టిన కార్మికుడికి ఆ రోజుల్లో మేస్త్రీ కూలి లేదు, మెటీరియలూ లేదు, వడ్డీ మాత్రం నడిచింది. సమ్మె చేసింది క్వారీల్లో రాయి కొట్టే కూలీలు కాదు, క్వారీల యజమానులు. కారణం పన్ను.

ఆ సమ్మె గురించి మన టీ అంగళ్లలో వినిపించిన మాటలు రెండే. "ప్రభుత్వం ప్రజలను దోచుకుంటోంది" అని కొందరు, "యజమానులు పన్ను ఎగ్గొట్టడానికి నాటకమాడుతున్నారు" అని కొందరు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉండవచ్చు. కాని ఈ రెండింటితో మన పని తీరదు. గని మీద వేసిన పన్ను గని దగ్గరే ఆగదు. అది సిమెంటు బస్తాలోకి, కరెంటు బిల్లులోకి, అక్కడి నుంచి మిల్లు లెక్కల్లోకి, చివరికి మన బోనసు చర్చల్లోకి వస్తుంది. కనుక నూలు మిల్లు కార్మికుడు గనుల పన్నును పరాయి విషయంగా చూడరాదు. పన్ను ఎక్కువా తక్కువా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. దాన్ని ఏ రూపంలో వేశారు, ఎవరి మీద దిగింది, వచ్చిన సొమ్ము ఎక్కడికి పోయింది అనే మూడు ప్రశ్నలు మనం అడగాలి.

సున్నపురాయి గని నుంచి ఢిల్లీ దాకా

ఈ కథ మొదలైంది మన తమిళనాడులోనే. సున్నపురాయి తవ్వడానికి ఇండియా సిమెంట్స్ కంపెనీకి 1963లో లీజు ఇచ్చారు. తవ్విన ప్రతి టన్నుకూ కంపెనీ ప్రభుత్వానికి రాయల్టీ చెల్లించాలి. రాయి భూమి సొత్తు, దాన్ని తీసుకుపోయేవాడు సొంతదారుకు ఇచ్చే ప్రతిఫలమే రాయల్టీ. క్వారీల్లాంటి చిన్న ఖనిజాల విషయంలో దీన్నే సీనరేజి అంటున్నారు.

1958 నాటి మద్రాసు పంచాయతీల చట్టం ప్రకారం భూమిశిస్తులో రూపాయికి 45 పైసల చొప్పున స్థానిక సెస్సు ఉండేది. 1964లో ఆ చట్టాన్ని సవరించి, రాయల్టీ కూడా భూమిశిస్తులో భాగమేనని చేర్చారు. అంటే కంపెనీ రూపాయి రాయల్టీ కడితే 45 పైసలు స్థానిక సెస్సు కట్టాలి. రాయి పోయిన ఊరికి కొంత సొమ్ము మిగలాలన్నది అందులోని న్యాయం. కంపెనీ కోర్టుకు వెళ్లింది. 1989 అక్టోబరు 25న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. రాయల్టీ కూడా పన్నే, గనుల నియంత్రణను 1957 చట్టంతో కేంద్రం తన చేతిలోకి తీసుకుంది కాబట్టి దాని మీద రాష్ట్రం సెస్సు వేయజాలదు అన్నది. ఆ సెస్సు అక్కడితో ఆగింది.

ఆ తరువాత 2004లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పశ్చిమ బెంగాల్, కేశోరాం కేసులో పాత తీర్పులోని ఆ వాక్యం అచ్చుతప్పు అన్నది. 'రాయల్టీ పన్ను' అని కాదు, 'రాయల్టీ మీద వేసిన సెస్సు పన్ను' అని చదువుకోవాలన్నది. ఏడుగురు చెప్పిన మాటను అయిదుగురు సరిదిద్దవచ్చునా అనే వివాదం లేచి, 2011లో విషయం తొమ్మిదిమంది ముందుకు చేరింది. 2024 జులై 25న ఆ ధర్మాసనం 8–1 మెజారిటీతో తేల్చింది: రాయల్టీ పన్ను కాదు, లీజు కింద చెల్లించే ప్రతిఫలం. గనులున్న భూమి మీదా, ఖనిజ హక్కుల మీదా పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉంది. ఆ అధికారానికి పార్లమెంటు చట్టం ద్వారా హద్దులు పెట్టవచ్చు. న్యాయమూర్తి నాగరత్న ఒక్కరే విభేదించారు.

ఒక్క పదానికి అర్థం తేలడానికి ముప్పై అయిదేళ్లు పట్టింది! ఈ వ్యవధిలో గని ఉన్న చోట ఒక తరం పుట్టి పెద్దదై పనుల్లోకి వెళ్లింది.

తీర్పు రాగానే తమిళనాడు ప్రభుత్వం ఖనిజాలున్న భూములపై పన్ను చట్టం చేసి 2025 ఏప్రిల్ 4 నుంచి అమల్లో పెట్టింది. సున్నపురాయికి టన్నుకు 160 రూపాయలు. సున్నపురాయి మీద రాయల్టీ టన్నుకు 80 రూపాయలే అని గుర్తుంచుకుంటే, కొత్త పన్ను పాతదానికి రెట్టింపు అని అర్థమవుతుంది. అదే కాలంలో క్వారీ రాయికి సీనరేజిని క్యూబిక్ మీటరుకు బదులు టన్ను లెక్కన వసూలు చేయడం మొదలైంది. రెండు భారాలు ఒక్కసారి పడ్డాయని యజమానులు క్వారీలు మూశారు. మంత్రితో చర్చలు జరిగాక ప్రభుత్వం సీనరేజిని కొంత తగ్గించింది, లారీలు కదిలాయి. ఆ చర్చల ఫలితాన్ని ఎవరి చేత ఎవరి కోసం సాధించారో మనకు తెలుసు. పని ఆగిన రోజుల కూలి గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

బస్తాకు పది రూపాయలు

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక టన్ను సిమెంటుకు రమారమి ఒకటింబావు టన్ను సున్నపురాయి పడుతుందనుకుంటే పన్ను 200 రూపాయలు. టన్నుకు 20 బస్తాలు, కాబట్టి బస్తాకు 10 రూపాయలు. ధరలో కలిసిన ఈ పదిమీద మళ్లీ జి.ఎస్.టి. కట్టాలి. 2025 సెప్టెంబరు 22 వరకు సిమెంటు మీద అది 28 శాతం, ఆ తరువాత 18 శాతం. అంటే ఆ పది రూపాయలు ఇంటి గడప చేరేసరికి మొదట 12 రూపాయల 80 పైసలు, తరువాత 11 రూపాయల 80 పైసలు. పన్ను మీద పన్ను అంటే ఇదే. నాలుగు వందల బస్తాలు పట్టే చిన్న ఇంటికి ఇది అయిదు వేలకు కాస్త అటూఇటూ అవుతుంది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పన్ను పది రూపాయలు పెరిగినప్పుడు కంపెనీ ధరను ఇరవై పెంచి, అంతా పన్నే అని చెప్పవచ్చు. లేదా పోటీ వల్ల పెంచలేక అయిదు తానే భరించవచ్చు. ఎంత పడిందో, ఎంత పెంచారో పక్కపక్కన పెట్టి చూసే అలవాటు మనకు లేదు. మిల్లులో కౌంటు మారితే ఉత్పత్తి ఎంత మారాలో మనం నిమిషంలో లెక్క కట్టగలం. ధర విషయంలో కూడా ఆ లెక్క నేర్చుకోవాలి.

టన్ను లెక్కా, విలువ లెక్కా?

పన్ను రూపం అనే మాట చిన్నదిగా కనిపిస్తుంది. కాని గని నుంచి ఎంత సరుకు బయటికి వస్తుందన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

టన్నుకు ఇంత అని వేసే పన్ను మంచి రాయి మీదా చెడ్డ రాయి మీదా ఒకటే. మేలురకం సరుకుకు అది సులువుగా కట్టవచ్చు. నాసిరకం సరుకుకు కడితే లాభం మిగలదు. అప్పుడు కంపెనీ మేలైన పొరను మాత్రం తవ్వుకుని, మిగతాది వదిలేస్తుంది. పైకి చూస్తే ప్రభుత్వానికి ఆదాయం వచ్చింది, కాని గని ఆయుష్షు తగ్గింది. విలువలో ఇంత శాతం అని వేస్తే నాసిరకం మీద భారం తగ్గుతుంది. అయితే అందులో యాజమాన్యం సరుకు విలువను తక్కువ చేసి చూపే అవకాశం ఉంటుంది. లాభం మీద వేస్తే నష్టం వచ్చిన ఏడు పన్ను ఉండదు, కాని ఖాతాల్లో లాభాన్ని దాచడం మన యజమానులకు ఎవరూ నేర్పనక్కరలేదు. ప్రతి పద్ధతికీ ఒక లొసుగు ఉంది. దాన్ని కాపలా కాయడమే ప్రభుత్వం పని.

ఇనుప ఖనిజం విషయంలో 2022లో జరిగింది చూడండి. దేశంలో ఉక్కు ధర తగ్గించాలని కేంద్రం ఆ ఏడు మే 22 నుంచి అన్ని రకాల ఇనుప ఖనిజం ఎగుమతి మీద 50 శాతం సుంకం వేసింది. అప్పటిదాకా సుంకం లేని నాసిరకం పొడి మీద కూడా అది పడింది. ఆ పొడిని కొనే గిరాకీ దేశంలో పెద్దగా లేదు. అది చైనా వంటి దేశాలకే పోయేది. ఎగుమతి పడిపోయింది, గనుల దగ్గర పొడి గుట్టలు పేరుకుపోయాయి. ఆరు నెలలకే, నవంబరులో, నాసిరకం పొడి మీద సుంకం ఎత్తేశారు. ఈ ఆరు నెలల్లో లారీ మీద, రేవు మీద బతికే కూలీకి పోయిన దినాలను ఎవరు ఎత్తివేయగలరు?

మనకూ ఇది కొత్త కాదు. 2021 ఫిబ్రవరిలో దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం పడింది. 2022లో కొంతకాలం ఎత్తేశారు, మళ్లీ వేశారు. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 వరకు మరోసారి ఎత్తేశారు. సుంకం వేయడం సరైనదా కాదా అన్న వాదన పత్తిరైతు వైపు నుంచి ఒక రకం, మిల్లు వైపు నుంచి మరొక రకం. కాని రేపు సుంకం ఉంటుందో లేదో తెలియనప్పుడు మిల్లు పత్తి కొనడం వాయిదా వేస్తుంది, షిఫ్టు తగ్గిస్తుంది. గనికి అయినా మిల్లుకు అయినా ఎక్కువ సుంకం ఒక దెబ్బ, నిలకడ లేని సుంకం మరొక దెబ్బ. రెండోదాన్ని కార్మికుడే ముందు తింటాడు.

అప్పు ఎవరిస్తారు?

గని తెరవాలంటే ముందు ఏళ్ల తరబడి పెట్టుబడి పోయాలి. భూమిలో ఏముందో బోర్లు వేసి చూడాలి, దారి వేయాలి, యంత్రాలు కొనాలి. ఆదాయం తరువాతెప్పుడో వస్తుంది. అందుకే 1961 ఆదాయపు పన్ను చట్టంలో 35ఇ సెక్షను కింద ఖనిజాల అన్వేషణకు పెట్టిన ఖర్చును పదేళ్లపాటు ఏటా పదో వంతు చొప్పున ఆదాయంలోంచి తీసివేసుకునే వీలు కల్పించారు. యజమానికి పన్ను ఎక్కడ తగ్గుతుందో ఆ వివరం చట్టంలోనే ఉంది. యజమాని దాన్ని మనకు చెప్పడు, మనం అడగం.

బ్యాంకు అప్పు ఇచ్చేముందు గని ఎంత సంపాదిస్తుందని లెక్క వేస్తుంది. ఆ లెక్కలో పన్ను ఎంతో తెలియకపోతే వడ్డీ పెంచుతుంది, లేదా అప్పే ఇవ్వదు. 2024 ఆగస్టు 14న సుప్రీంకోర్టు మరో ఉత్తర్వు ఇచ్చింది. రాష్ట్రాలు తమ చట్టాల కింద 2005 ఏప్రిల్ 1 నుంచి రావలసిన బకాయిలను వసూలు చేసుకోవచ్చు, 2026 ఏప్రిల్ 1 నుంచి పన్నెండేళ్ల వాయిదాల్లో. పాత డిమాండ్ల మీద వడ్డీ, జరిమానా రద్దు. పాత చట్టాలు ఉన్న రాష్ట్రాల గని కంపెనీలకు ఇది పెద్ద అప్పు కిందే లెక్క. రాష్ట్రాలకు న్యాయంగా రావలసినది రావాలనడంలో మనకు అభ్యంతరం లేదు. అయితే ఆ అప్పు తీర్చడానికి కంపెనీ ఎక్కడ కోత పెడుతుంది? డైరెక్టర్ల జీతాల్లో పెట్టదు. పర్మినెంటు ఖాళీ పోస్టులను నింపదు, కాంట్రాక్టు కూలీని పెంచుతుంది, గాలి మరమ్మతును, కప్పు ఆధారాలను వాయిదా వేస్తుంది. మన మిల్లుల్లో ఇదే పద్ధతిని మనం చూడలేదా?

యజమానుల బలం ఎంతటిదో ఆస్ట్రేలియా చూపింది. 2010లో అక్కడి ప్రభుత్వం గనుల అదనపు లాభాల మీద పన్ను వేస్తానన్నది. గని కంపెనీలు పత్రికల్లో, టీవీల్లో కోట్లు కుమ్మరించి వ్యతిరేక ప్రచారం చేశాయి. కొద్ది వారాల్లోనే ప్రధాని కెవిన్ రడ్‌ను ఆయన పార్టీయే దింపేసింది. పదవి పోవడానికి కారణం పన్ను ఒక్కటే కాదు, కాని అదీ ఒకటి. పలుచన చేసిన పన్ను 2012లో వచ్చింది, 2014లో రద్దయింది. పన్ను చట్టం పుస్తకంలో ఒకటి, దాన్ని నిలబెట్టే జనబలం మరొకటి.

బొగ్గు నుంచి రింగ్ ఫ్రేము దాకా

మనకు అన్నింటికన్నా దగ్గరిది కరెంటు. లోయర్ క్యాంపులో పెరియార్ నీటితో తీసే కరెంటు మన కళ్లెదుటే ఉంది, కాని రాష్ట్రానికి అది చాలదు. బొగ్గు కావాలి. 2010లో కేంద్రం బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు మొదలుపెట్టింది. పేరు స్వచ్ఛ ఇంధన సెస్సు. 2014లో 100, 2015లో 200, 2016లో 400 అయింది. యూనిట్ కరెంటుకు 650–700 గ్రాముల బొగ్గు కాలుతుందనుకుంటే, 400 రూపాయల సెస్సు యూనిట్‌కు 26–28 పైసలు. పూర్తిగా బొగ్గు కరెంటే వాడే మిల్లు రోజుకు 20,000 యూనిట్లు కాల్చితే రోజుకు 5,600 రూపాయల దాకా. కరెంటు జి.ఎస్.టి. బయట ఉంది కాబట్టి బొగ్గు మీద కట్టిన పన్నును విద్యుత్ కంపెనీ తిరిగి రాబట్టుకోలేదు. అది రేటులో కలిసి మన దగ్గరికే వస్తుంది.

ఆ సెస్సు సొమ్ముతో సౌరవిద్యుత్తు, గాలిమరల వంటివాటికి నిధి పెడతామన్నారు. 2017లో జి.ఎస్.టి. రాగానే అదే 400 రూపాయలు రాష్ట్రాల నష్టపరిహారం సెస్సుగా మారిపోయింది. వసూలు అదే, పేరు వేరు, దారి వేరు.

2025 సెప్టెంబరు 22న ఆ సెస్సు పోయింది. దానికి బదులు బొగ్గు మీద జి.ఎస్.టి. 5 నుంచి 18 శాతానికి పెరిగింది. ఇక్కడే పన్ను రూపం మహిమ చూడాలి. టన్ను 1,500 రూపాయల బొగ్గు మీద పాత భారం 75, సెస్సు 400, మొత్తం 475. కొత్త భారం 270. తగ్గింది. టన్ను 4,000 రూపాయల బొగ్గు మీద పాతది 200, సెస్సు 400, మొత్తం 600. కొత్తది 720. పెరిగింది. సుమారు 3,080 రూపాయల దగ్గర రెండూ సమానం. అంటే చవక బొగ్గుకు లాభం, ఖరీదైన దిగుమతి బొగ్గుకు నష్టం. ఏ గని ఎంత అమ్ముకుంటుంది, ఏ విద్యుత్ కేంద్రం ఎంత నడుస్తుంది అన్నది ఈ ఒక్క మార్పుతో కదులుతుంది. చవక బొగ్గు మీద తగ్గిన రెండు వందల చిల్లర కరెంటు రేటులో తగ్గిందా అని అడిగే హక్కు మనకు ఉంది. పెరిగిన రోజున కారణం చెప్పేవాళ్లు తగ్గిన రోజున ఎందుకు మౌనంగా ఉంటారు?

సొమ్ము తిరిగి రావాలి

గని కార్మికుల కోసమే వేసిన పన్నులు ఒకప్పుడు ఉండేవి. 1946 నాటి అభ్రకం గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం కింద ఎగుమతి అయ్యే అభ్రకం మీద సుంకం వసూలు చేసి ఆసుపత్రులు, బడులు నడిపారు. మన నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతపు గనుల కార్మికులు ఆ ఫలితం చూసినవాళ్లే. 1972లో సున్నపురాయి గనులకు, 1976లో ఇనుము, మాంగనీసు, క్రోము గనులకు అలాంటి చట్టాలు వచ్చాయి. వసూలు చిన్నదనే లెక్కతో ఈ సున్నపురాయి, ఇనుప గనుల సెస్సులను 2016లో ఎత్తేశారు. బీడీ కార్మికుల సెస్సు 2017లో పోయింది. గని మీద పన్నులు మాత్రం తగ్గలేదు. కార్మికుడి పేరున్న పన్నులే పోయాయి.

2015లో జిల్లా ఖనిజ నిధులు వచ్చాయి. వేలంలో ఇచ్చిన కొత్త లీజులు రాయల్టీలో 10 శాతం, అంతకుముందు నాటి లీజులు 30 శాతం దీనికి కట్టాలి. ఇది మంచి చట్టం. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్లకు నీళ్లు, వైద్యం, చదువు ఇవ్వాలని దాని ఉద్దేశం. 1989లో కోర్టు కొట్టేసిన 45 పైసల న్యాయం వేరే పేరుతో కొంత తిరిగి వచ్చిందనవచ్చు. కాని ఆ నిధి ఖర్చు నిర్ణయించే చోట కార్మికుడి కుర్చీ ఎక్కడ?

కొందరు మిత్రులు అంటారు: ఇంత బాధ ఉంటే గనుల పన్ను తగ్గించమని యజమానులతో కలిసి అడుగుదాం, ధరలు తగ్గుతాయి కదా అని. మనం ఆ మాటకు లోబడరాదు. రాయి, బొగ్గు ఒకసారి తవ్వితే మళ్లీ పుట్టవు. వాటిమీద ప్రజలకు రావలసినది రాకపోతే అది యజమాని లాభంలో మిగులుతుంది, మన బస్తా ధరలో తగ్గుతుందన్న పూచీ లేదు. పన్ను వద్దనడం కాదు, పన్నుకు జవాబుదారీ కావాలనడం మన వైఖరి కావాలి. అందుకు ఈ కోర్కెలను మన మహాసభ ముందు పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను.

1. గనుల పన్నులో మార్పు ఏదైనా కనీసం ఆరు నెలల ముందు ప్రకటించాలి. ఒక్కసారిగా రెండు భారాలు వేయరాదు.

2. ఖనిజ భూముల పన్నులో నిర్ణీత వాటా గని ఉన్న పంచాయతీకి చట్టప్రకారం చేరాలి. వచ్చిన సొమ్ము, ఖర్చు పంచాయతీ గోడ మీద రాసి పెట్టాలి.

3. జిల్లా ఖనిజ నిధి కమిటీల్లో గని, క్వారీ కార్మిక సంఘాల ప్రతినిధులు ఉండాలి. 2016లో ఎత్తేసిన సంక్షేమానికి బదులు నిధి ఏర్పాటు చేయాలి.

4. యజమానులు క్వారీ మూసి చేసే సమ్మె దినాలకు కూలీలకు పూర్తి కూలి చెల్లించాలి.

5. బొగ్గు పన్ను మారినప్పుడల్లా యూనిట్‌కు ఎంత మారిందో విద్యుత్ సంస్థ ప్రకటించాలి. మిల్లు యాజమాన్యాలు ఆ లెక్కను వేతన చర్చల బల్ల మీద పెట్టాలి.

ఈ అయిదో కోర్కె మన చేతిలోనే ఉంది. వచ్చే వేతన ఒప్పందం చర్చల్లో యాజమాన్యం "కరెంటు ఖర్చు పెరిగింది" అన్నప్పుడు మన నాయకులు కాగితం, పెన్సిలు తీసి, "ఎంత పెరిగింది, ఏ తేదీ నుంచి, బొగ్గు మీద సెస్సు పోయిన తేదీ తరువాతా ముందా?" అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా బల్ల దగ్గర నుంచి లేవరాదు.